నీళ్లు జరిగాయి, గీత జరగలేదు
(భూమి రికార్డులపై సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గోడకి అంటించిన ఈ షీట్లు చూసి పొద్దున్నే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇవి ఏ జిల్లావి, ఒక్క ఊరి పేరూ తెలిసినట్టు లేదేమిటని. ఇవి మన జిల్లావీ కాదు, మన దేశానివీ కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఆగ్నేయ మూలన హార్నీ కౌంటీ అనే ప్రాంతం ఉంది. అక్కడి పాత టోపో షీట్లు ఇవి. మేమెవరం అక్కడికి వెళ్లలేదు. వాళ్ల భూగర్భ సర్వే శాఖ 1884 నుంచి అచ్చేసిన పటాలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. రైతు అయినా, వకీలైనా, పిల్లవాడైనా ఎవరినీ అడగకుండా దించుకోవచ్చు. మేమూ అలాగే దించుకుని, అచ్చు వేయించి, టేపుతో అతికించాం. వంకరగా ఉంటే మన్నించాలి.

ఎఫ్ఎంబీలు, టిప్పన్ల గురించి చెబుతామని పిలిచి అమెరికా పటాలు ఎందుకు చూపిస్తున్నామో కొంచెం ఓపిక పడితే మీకే తెలుస్తుంది. ఈ పటాల మీద ఒక సరస్సు ఉంది. ఆ సరస్సు ఒడ్డున గీసిన ఒక గీత కోసం అక్కడ మనుషులు చచ్చారు, బీద రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మన దగ్గర చెరువు శిఖంలో దున్నుకునేవాళ్లకి, కొల్లేరు అంచున బతికేవాళ్లకి ఆ కథ కొత్తగా అనిపించదు.

ముందు నేల గురించి చెప్పాలి. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు, ఒంటెలు అనుకోకండి. ఇది సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగుల పైన ఉన్న పీఠభూమి. ఏడాదికి పది పదకొండు అంగుళాల వాన, అంటే మన అనంతపురం వానలో సగం. అందులోనూ చాలా భాగం శీతాకాలపు మంచుగా పడుతుంది. నేలంతా బూడిదరంగు సేజ్ పొదలు, మధ్యలో నల్ల రాతి గుట్టలు. కౌంటీ విస్తీర్ణం 10 వేల చదరపు మైళ్ల పైన, జనాభా ఏడెనిమిది వేలు. మన ఒక పెద్ద మేజర్ పంచాయతీలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. భూమిలో నాలుగింట మూడు వంతులు ఫెడరల్ ప్రభుత్వానిదే. పశువుల మేపే అక్కడి బతుకు. ఒక ఆవు ఏడాదంతా మేయాలంటే పదుల ఎకరాలు కావాలి. కాబట్టి అక్కడ ఆస్తి అంటే ఎకరాలు కాదు, నీళ్లు. ఊట ఎవరి చేతిలో ఉంటే చుట్టూ ఉన్న మేతంతా పట్టా లేకుండానే వాడి చేతిలో ఉన్నట్టు.

ఇది మనసులో పెట్టుకుని షీటు చూడండి. గోధుమ రంగు గీతలు కాంటూర్లు, ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. అవి దగ్గరగా ఉంటే ఏటవాలు, దూరదూరంగా ఉంటే చదును. నీలం అంటే నీళ్లు. గీత తెగకుండా ఉంటే ఏడాది పొడుగునా పారే వాగు, చుక్కలతో తెగి తెగి ఉంటే వానకో, మంచు కరిగినప్పుడో పారి ఎండేది. నీలం గళ్లు వేసిన చోటు ఒక కాలంలో నీళ్లు నిలిచి మరో కాలంలో ఎండే మడుగు. నలుపు మనిషి కట్టినది: ఇల్లు, పశువుల దొడ్డి, గాలిమర. ఎర్ర గీతలు రోడ్లు, భూమి కొలతల గళ్లు. కొన్ని షీట్ల మీద ఊదా రంగు కనిపిస్తుంది. ఆ మార్పుల్ని తర్వాత విమానం ఫోటోలు చూసి చేర్చారు, చాలావరకు నేల మీద నడిచి సరిచూడలేదు. ఊదా రంగు చూసినప్పుడు కొంచెం అనుమానంగా చూడాలి. ఏ గీత నడిచి గీసిందో, ఏది పైనుంచి చూసి గీసిందో తేడా చెప్పే ఆ నిజాయితీ మాకు నచ్చింది.

పాత షీట్లని మూడు కాళ్ల బల్ల మీద కాగితం పరిచి, దుర్భిణి అమర్చిన స్కేలుతో గుట్టల్ని గురిచూసి, అక్కడికక్కడే పెన్సిలుతో గీశారు. కొలత 1:62,500, అంటే ఒక అంగుళానికి ఒక మైలుకి కాస్త తక్కువ. మన సర్వే ఆఫ్ ఇండియా పాత అంగుళం షీటు 1:63,360, సరిగ్గా అంగుళానికి మైలు. రెండూ పదిహేను నిమిషాల అక్షాంశ రేఖాంశాల గడినే చూపిస్తాయి. ఒకటి చదవడం వస్తే రెండోది వచ్చినట్టే. తర్వాత విమానాల ఫోటోలతో ఇంకా వివరంగా 1:24,000 కొలతలో వేశారు. దేశం మొత్తానికి 55 వేలకు పైగా షీట్లు, 1992 నాటికి పూర్తయ్యాయి.

ఇక సరస్సు. దాని పేరు మల్హూర్. ఫ్రెంచి మాట, దురదృష్టం అని అర్థం. దక్షిణాన స్టీన్స్ పర్వతం మీది మంచు కరిగి బ్లిట్జెన్ నది, ఉత్తరం నుంచి సిల్వీస్ నది వచ్చి ఇందులో కలుస్తాయి. ఇక్కణ్ణుంచి సముద్రానికి దారి లేదు. మంచు ఎక్కువ పడ్డ ఏడు సరస్సు పెరుగుతుంది, లేని ఏడు తరుగుతుంది. నేల పళ్లెంలా ఉంటుంది కాబట్టి నీళ్లు ఒక్క అడుగు తగ్గితే ఒడ్డు ఎంతో దూరం వెనక్కి పోతుంది. 1934 కరువులో దాదాపు ఎండిపోయింది. 1980లలో మంచు మీద మంచు పడి, పక్కనున్న మడ్, హార్నీ సరస్సులతో కలిసిపోయి లక్షా 80 వేల ఎకరాలు ముంచింది. రోడ్లు, రైలు పట్టాలు, రాంచ్‌ల ఇళ్లు నీళ్లలోకి పోయాయి. ఇలాంటి సరస్సుకి షీటు మీద ఒక్క నీలం అంచు గీయాలి. ఎక్కడ గీస్తారు? సర్వేయర్ వచ్చిన ఏడు ఎక్కడుంటే అక్కడ.

ఈ నేల మొదట ఎవరిది? పైయూట్ అనే ఆదివాసులది. 1872లో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో అక్కడ మల్హూర్ రిజర్వేషన్ ఏర్పడింది. సుమారు 17 లక్షల 80 వేల ఎకరాలు. ఆనాటి పటాల మీద దాని హద్దులు గీసి ఉంటాయి. పశువుల ఆసాములు ఆ హద్దు లోపలికే మందలు తోలారు. 1878లో బానక్ యుద్ధం జరిగింది. అది అయ్యాక 1879 జనవరి చలిలో పైయూట్లని వందల మైళ్ల దూరంలోని యాకిమా రిజర్వేషన్‌కి నడిపించుకుపోయారు. కొన్నేళ్లకే వాళ్ల భూమిని ప్రభుత్వ భూమిలో కలిపి ఇతరులకు తెరిచారు. తర్వాతి పటాల్లో ఆ హద్దు లేదు. కొత్త పటం మాత్రమే చూసేవాడికి అక్కడ ఒక జాతి భూమి ఉండేదన్న సంగతే తెలియదు. పాత పటం దాచుకోవాలనడానికి మాకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించలేదు.

ఆ 1872లోనే కాలిఫోర్నియా నుంచి పీటర్ ఫ్రెంచ్ అనే యువకుడు పశువుల మందతో బ్లిట్జెన్ లోయకి వచ్చాడు. పెట్టుబడి హ్యూ గ్లెన్ అనే పెద్ద భూస్వామిది. ఇరవై అయిదేళ్లలో ఫ్రెంచ్ గ్లెన్ కంపెనీ లక్ష ఎకరాలు దాటింది. ఎలా దాటింది? కొంత కొన్నారు, కొంత తమ మనుషుల పేర్ల మీద పెట్టించారు, కొంత చిత్తడి నేలల చట్టం కింద సంపాదించారు. 1850లో చేసిన ఆ చట్టం 1860లో ఒరెగాన్‌కి వర్తించింది. ఎప్పుడూ నీళ్లు నిలిచే, సాగుకి పనికిరాని నేలని ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రానికి ఇస్తే, రాష్ట్రం చౌకగా అమ్మొచ్చు. ఉద్దేశం మంచిదే. కానీ ఎడారిలో చిత్తడి అంటే ఏమిటి? పచ్చగా ఉన్న చోటల్లా, అంటే ఆ దేశంలో బతకడానికి వీలున్న చోటల్లా చిత్తడి అని రాయించుకున్నారు. ఆ ప్రాంతాల్లో ఒక కథ చెప్పుకుంటారు. ఒక పెద్ద ఆసామి బండి మీద పడవ పెట్టించుకుని, పడవలో తాను కూర్చుని, గుర్రాల చేత పొలమంతా లాగించాడట. తర్వాత అధికారి ముందు ప్రమాణం చేశాడట, ఈ భూమి మొత్తం పడవలో కూర్చునే దాటానని. నిజమో కట్టుకథో గానీ, మా మండలంలో కుంటని మెట్ట అనీ, మెట్టని కుంట అనీ రాయించిన వాళ్లని చూశాం కాబట్టి మాకైతే వింతగా లేదు.

అసలు తగాదా సరస్సు ఒడ్డున వచ్చింది. అక్కడి సర్వే పద్ధతి తెలిస్తే గాని ఇది అర్థం కాదు. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. కొలిచింది 66 అడుగుల గంటర్ గొలుసుతో. వంద లింకులు ఒక గొలుసు, ఎనభై గొలుసులు ఒక మైలు. ఆంధ్రా వైపు పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉండటం మీకు తెలుసు, అదే గొలుసు. సరస్సు అడ్డొచ్చినప్పుడు నీళ్లలోకి గొలుసు లాగలేరు. ఒడ్డు వెంట వంకరలు తిరుగుతూ కొలుచుకుంటూ పోయి, పొడి నేల ఎన్ని ఎకరాలో లెక్క కడతారు. ఆ వంకర గీతని మియాండర్ లైన్ అంటారు. మనం ఒడ్డు గీత అందాం. చట్టం ప్రకారం ఆ గీత ఎకరాల లెక్క కోసమే గాని హద్దు కాదు, హద్దు నీళ్లే. నీళ్లు మెల్లగా వెనక్కి జరిగితే ఒడ్డు రైతు హద్దు కూడా వాటి వెంట జరుగుతుంది.

మల్హూర్ ఒడ్డు గీతని 1870లలో గీశారు. 1881లో మల్హూర్‌కీ హార్నీకీ మధ్యనున్న ఇసుక గట్టు తెగి నీళ్లు పల్లానికి పోయాయి. ఎన్నో వేల ఎకరాల మెత్తటి గడ్డినేల బయటపడింది. భూమి లేని సాగుదారులు వచ్చి అక్కడ గుడిసెలు వేశారు, గడ్డి కోశారు, కంచెలు వేసుకున్నారు. కంపెనీ ఏమంది? ఒడ్డున భూమి మాది, నీళ్లు ఎంత వెనక్కి పోతే అంత మాదే, మీరంతా ఖాళీ చేయండి అంది. ఒక్కొక్కరి మీద దావాలు వేసింది. 1897 డిసెంబర్ 26న దారి హక్కు గొడవ ఉన్న ఎడ్ ఆలివర్ అనే సాగుదారు పీటర్ ఫ్రెంచ్‌ని కాల్చి చంపాడు. మరుసటి ఏడు స్థానిక జ్యూరీ అతణ్ణి నిర్దోషి అంది. ఆ తీర్పు ఆ చుట్టుపక్కల జనం మనసులో ఏముందో చెబుతుంది. ఆ తుపాకీని పొగడటానికి మేం ఈ కథ చెప్పడం లేదు. ఫ్రెంచ్ చచ్చాక కూడా దావాలు ఆగలేదు, ఎవరి భూమీ తేలలేదు.

తేల్చింది కాగితమూ, సాక్ష్యమూ. స్ప్రింగర్ అనే సాగుదారు మీద కంపెనీ వేసిన దావాలో అతని వాదన చూడండి. నీళ్లు తర్వాత జరిగాయని అతను అనలేదు. అలా అని ఉంటే ఓడిపోయేవాడే, ఎందుకంటే జరిగిన నీళ్ల వెంట హద్దూ జరుగుతుంది. సర్వే చేసిన నాడే ఈ గీత దగ్గర సరస్సు లేదు, గీత తప్పు చోట గీశారు అన్నాడు. సరస్సు అక్కడ లేకపోతే గీతే హద్దు అవుతుంది. గీత అవతలి నేల కంపెనీది కాదు, ప్రభుత్వానిది, అక్కడ సాగుదారు హక్కు పెట్టుకోవచ్చు. ఆనాడు నీళ్లు ఎక్కడ ఉన్నాయన్నది జ్యూరీ ముందుకి వచ్చింది. జ్యూరీ స్ప్రింగర్ మాట నమ్మింది. కంపెనీ రాష్ట్ర సుప్రీంకోర్టుకి పోయింది, ఓడింది. అమెరికా సుప్రీంకోర్టుకి పోయింది, 1902లో అక్కడా ఓడింది. పటాన్ని చూసి భయపడకుండా, ఈ గీత ఏ రోజు ఎవరు ఏమి చూసి గీశారని అడిగినందుకు నిలిచిన కేసు ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గోడ మీదున్న టోపో షీటు హద్దుకి సాక్ష్యం కాదు. దాని మీద సెక్షన్ గీతలున్నా అవి దారి చూపడానికే. హద్దుకి కావలసింది అసలు సర్వే ప్లాటు, సర్వేయర్ ఫీల్డు పుస్తకం. ఆ పుస్తకాల్లో నడిచిన వరసలో రాసి ఉంటుంది: ఇన్ని గొలుసుల దగ్గర సేజ్ పొదలు అయిపోయాయి, ఇన్ని గొలుసుల దగ్గర చిత్తడిలో దిగాం అని. అవి కూడా అక్కడ ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మన దగ్గర కూడా టోపో షీటు వేరు, ఎఫ్ఎంబీ లేదా టిప్పన్ వేరు. షీటు పట్టుకుని సరిహద్దు తగాదాకి పోతే పని కాదు. కానీ అక్కడ చెరువు ఉండేదా, బండి దారి ఉండేదా, వాగు ఏ వంపు తిరిగేది అన్న ప్రశ్న వచ్చినప్పుడు పాత షీటుకి మించిన సాక్షి తక్కువ.

మళ్లీ ఆ నేలకి వద్దాం. సాగుదారులు గెలిచారు కదా, సుఖపడ్డారా? 1909లో 320 ఎకరాలు, 1916లో పశువుల కోసమైతే 640 ఎకరాలు ఇచ్చే చట్టాలు వచ్చాయి. 1916 చట్టంలో నేల అడుగున ఖనిజాలు మాత్రం ప్రభుత్వమే ఉంచుకుంది. వాన పడని నేలలో మెట్ట గోధుమ పండుతుందని కరపత్రాలు నమ్మి కుటుంబాలు వచ్చాయి. అయిదారేళ్లలో చాలామంది వెళ్లిపోయారు. సేజ్ పొదల మధ్య ఎక్కడో ఒక చిన్న నల్ల గడి, పక్కన బావి గుర్తు, కొత్త షీటులో అదే చోట శిథిలం అన్న మాట, ఆ తర్వాతి షీటులో అదీ లేదు. పది షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఊళ్లు ఆరిపోవడం కనిపిస్తుంది. ఇది చూస్తుంటే మాలో ఒకరు, వలస పోయిన తన తాత ఊరు గుర్తొచ్చి, కాసేపు బయటికి వెళ్లి వచ్చారు.

సరస్సుని 1908లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. టోపీల ఈకల కోసం కొంగల్ని కాల్చేస్తున్న రోజులవి. అయితే సరస్సు అడుగు నేల ఎవరిది? రాష్ట్రం నాదంది, ఫెడరల్ ప్రభుత్వం నాదంది. 1935లో సుప్రీంకోర్టు తేల్చింది. పడవ ప్రయాణానికి పనికొచ్చే సరస్సు అయితే అడుగు నేల రాష్ట్రానిది, ఇది అలాంటిది కాదు కాబట్టి ఫెడరల్ ప్రభుత్వానిదే. అదే ఏడు ఒకప్పటి ఫ్రెంచ్ లోయలో 65 వేల ఎకరాలు ప్రభుత్వం పక్షుల కోసం కొనేసింది. అంతకు ముందు ఏడు, 1934లో, టేలర్ చట్టంతో ప్రభుత్వ మేత భూములకి పర్మిట్లు, ఫీజులు వచ్చాయి. అప్పటి నుంచి రాంచ్ రైతుకీ ఫెడరల్ అధికారికీ మధ్య రగులుతూనే ఉంది. 2016లో కొందరు సాయుధులు ఆ రక్షిత ప్రాంతం కార్యాలయాన్ని ఆక్రమించి 41 రోజులు కూర్చున్నారు. ఒక మనిషి చనిపోయాడు. భూమిని అసలు యజమానులకి తిరిగివ్వాలన్నది వాళ్ల కేక. పైయూట్లు ఆ ఆక్రమణని బాహాటంగా వ్యతిరేకించారు. అసలు యజమానులు ఎవరో చూడటానికి 1872 నాటి హద్దు గీసిన పాత పటం ఒకటి చాలు.

కొల్లేరు ప్రాంతం నుంచి వచ్చిన వాళ్లు ఇప్పటికే తలలూపుతున్నారు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. అయిదు అడుగుల ఎత్తు గీత, పటం మీద ఒక సన్నటి గోధుమ రంగు దారం. ఆ దారం లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ఆ గీత ఆధారంగానే చేపల చెరువుల గట్లు పేల్చారు. పెద్ద పెట్టుబడిదారుల చెరువులూ పోయాయి, వడ్డీల, దళితుల సొసైటీల చెరువులూ పోయాయి. సరస్సు బతకాలనే దానితో మాకు తగాదా లేదు. గీత లోపల జిరాయితీ పట్టా ఉన్నవాడికీ, నీళ్లు తగ్గినప్పుడు చేపలు పట్టుకునేవాడికీ, బినామీల పేరుతో వంద ఎకరాలు తవ్వినవాడికీ ఒకే గీత ఒకే న్యాయం చేయలేదు. తెలంగాణలో శిఖం పట్టాలవాళ్ల పరిస్థితీ ఇంతే. నీళ్లు తీసినప్పుడు దున్నుకునే హక్కు పహాణీలో ఉంటుంది, ఎఫ్‌టీఎల్ గీత వేసేటప్పుడు ఆ పహాణీ ఎవరూ తెరవరు. తూము మట్టం ఏ ఏడు మార్చారు, అలుగు ఎప్పుడు ఎత్తు పెంచారు అని అడిగేవాళ్లు ఊళ్లో ఉండాలి.

ఇంకొక సంగతి. అక్కడ 2009 నుంచి కొత్త తరం పటాలు వచ్చాయి. కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని కలిపి మూడేళ్లకొకసారి వేసేవి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, వెనక విమానం ఫోటో కూడా ఉంటుంది. కానీ మొదట వచ్చిన షీట్లలో కరెంటు తీగలు, పైపులైన్లు, సర్వే గుర్తుల వంటివి లేవు. అవి తెలియాలంటే మనిషి నడిచి చూడాలి, నడిచే మనుషుల్ని తగ్గించేశారు. 2022లో ఆదివాసీ స్త్రీలని కించపరిచే మాట ఉన్న దాదాపు 650 చోట్లకి పేర్లు మార్చారు. చాలా మంచి పని. అయితే పాత దస్తావేజుల్లో పాత పేరే ఉంటుంది. వాగు ఏదో తెలియాలంటే పాత షీటు తీయాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. డ్రోన్లు, రోవర్లు అంగుళాలతో సహా కొలుస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ డ్రోన్‌కి కనిపించేది ఈ రోజు ఉన్న గట్టు. ఆ గట్టు నిరుడు పక్కవాడు జరిపిందా, తాతల నాటిదా అనేది దానికి తెలియదు. అది చెప్పేది పాత ఎఫ్ఎంబీ, ఆ పొలం దున్నిన ముసలాయన. తెలంగాణలో టిప్పన్లు, సేత్వార్లు చాలాచోట్ల చిరిగి, చెదలు పట్టి ఉన్నాయి. చేత పట్టుకుంటే పొడి రాలుతుంది. ఆ కాగితాలకి ఇప్పుడే ఫోటోలు తీయించి, సర్టిఫైడ్ నకళ్లు తీసుకోవాలి.

మధ్యాహ్నం భోజనం తర్వాత నాలుగు జట్లుగా కూర్చుందాం. ప్రతి జట్టుకీ మన మండలం పాత అంగుళం షీటు నకలు ఒకటి, కొత్త 1:50,000 షీటు ఒకటి ఇస్తాం. మీ ఊరి చెరువు రెండింటిలో వెతకండి. నీలం అంచు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో పెన్సిలుతో గీయండి, పెన్ను వద్దు. గీత జరిగిన చోట ఇప్పుడు ఎవరు దున్నుతున్నారో, ఎవరు ప్లాట్లు వేస్తున్నారో పక్కన రాయండి. ఎఫ్ఎంబీ నకలు తెచ్చుకున్నవాళ్లు ముందు బల్ల దగ్గరికి రండి, లింకుల్ని మీటర్లలోకి మార్చడం దగ్గర మొదలుపెడదాం.